బొమ్మకు నీళ్ళు తాగించారు

మే 12, సోమవారం. నరసరావుపేట

ఈ ఉదయం ఫిలోమినమ్మ బొమ్మ ముఖాన్ని స్పిరిట్ దూదితో తుడుస్తూ చెవుల వెనక కూడా తుడిచింది. అక్కడ ఎవరూ నోరు పెట్టరు, చెయ్యి కూడా పెట్టరు. అయినా రెండు చెవులూ మడిచి తుడిచి, తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, అప్పుడు బల్ల మీద పడుకోబెట్టింది. నడుం దాకానే ఉన్న రబ్బరు మనిషి. ఆగిన గుండెను నొక్కడం దాని మీదే నేర్పుతారు. ఫిలోమినమ్మ ఈ ట్రైనింగ్ సెంటర్లో ఆయా. ఆమెది కూడా మా రెంటచింతలే. మా స్కూల్ చర్చి గంట మోగితే ఎవరు మోగించారో చెప్పగలదట.

మేం ఆరుగురం. అందరం అంబులెన్సు మీద మూడేళ్ళు చేసినవాళ్ళమే. రెండు వారాలు నేర్పి, ఇరవై మూడో తేదీన పరీక్ష పెడతారు. పాసైతే ఇక్కడే ఇన్‌స్ట్రక్టర్. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకి పాఠాలు చెప్పాలి. ఫెయిలైతే నాకు మళ్ళీ రెంటచింతల అంబులెన్సు బండే. ఫెయిలైనా నాకు పెద్ద బాధ లేదు. బండి అంటే నాకు ఇష్టమే.

కోర్సు నడిపేది శివరామయ్య గారు. పేర్లు అడిగారు.

"పేరేందమ్మా?"

చెప్పాను.

"ఏందీ?"

మళ్ళీ చెప్పాను. పక్కన కూర్చున్న మాచర్ల రవిశంకర్ లేచి, "ఝాన్సీలక్ష్మి అంట సార్," అన్నాడు.

"ఝాన్సీలక్ష్మా! రాణీగారు ఇంకా నిద్ర లేచినట్టు లేదే," అన్నారు.

అందరూ నవ్వారు. నేను కూడా, పళ్ళు కనపడకుండా.


మే 13, మంగళవారం

నా గొంతు ఏడడుగుల దాకా వినిపిస్తుంది. టేపు పెట్టి కొలిచారు.


మే 14, బుధవారం

పరీక్షలో మూడు భాగాలు. రాసేది, చేసి చూపించేది, ఇరవై నిమిషాలు పాఠం చెప్పేది. మొదటి రెండింటికీ నాకు భయం లేదు. మూడోదానికే మార్కులెక్కువ.

ఈరోజు అందరి చేతా తలా ఐదు నిమిషాలు చెప్పించారు. నా వంతు వచ్చినప్పుడు పుస్తకం గుండెకి ఆనించి పట్టుకుని నిలబడ్డాను. పదేళ్ళు సిస్టర్ల దగ్గర చదివిన అలవాటు. పుస్తకం లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

"స్పృహ తప్పిన వ్యక్తి భుజములు తట్టి, అయ్యా, మీరు బాగున్నారా అని అడగవలెను," అని చదివాను.

శివరామయ్య గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఎవర్నమ్మా పలకరిస్తన్నావు? వియ్యంకుణ్ణా?"

"పుస్తకంలో అలాగే ఉంది సార్."

"చదవటానికైతే నువ్వెందుకు, పుస్తకమే పెట్టేసి పోతా గదా క్లాసులో." చెయ్యి చాచారు. ఇచ్చేశాను. దాన్ని తన కింద పెట్టుకుని కూర్చున్నారు. "బండి మీద కూడా ఇట్టాగే పిలుస్తావా మనిషిని?"

"లేదు సార్."

"మరి ఎట్టా పిలుస్తావో పిలువు."

బొమ్మ వైపు చూశాను. యాభై ఏళ్ళ ముఖం, బుగ్గలు కాస్త లోపలికి పోయి ఉన్నాయి. పరాయి మనిషిని ముట్టుకుని కుదపాలంటే మాకు ఏదో ఒక వరస కావాలి. వరస లేకుండా నోరు పెగలదు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు భుజాలూ పట్టుకున్నాను.

"బాబాయ్! ఓ బాబాయ్! ఇటు చూడు బాబాయ్! నా మాట వినపడతందా?"

పక్క గదిలోంచి గుమాస్తా లేచి వచ్చాడు. ఫిలోమినమ్మ తడిగుడ్డతోనే పరుగెత్తుకొచ్చి, "ఎవరికేమైందే?" అంది. నేనే ఉలిక్కిపడ్డాను.

"ఏడడుగులు కాదు సార్, ఏడు కిలోమీటర్లు," అన్నాడు రవిశంకర్.

శివరామయ్య గారు నా పుస్తకాన్ని కింద నుంచి తీసి గుమాస్తాకి ఇచ్చారు. "బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఈ పిల్లకి ఇరవై మూడు దాకా ఇవ్వమాక."

సాయంత్రానికి అందరూ బొమ్మని బాబాయ్ అనే అంటున్నారు. ఫిలోమినమ్మ అయితే, "బాబాయ్‌ని తుడిచి పడుకోబెట్టా, ఇంక ఎవరూ లేపబాకండి," అని చెప్పి ఇంటికి వెళ్ళింది.


మే 15, గురువారం

షబ్బీర్ అన్న ఫోన్ చేశాడు. బండికి ఆయన పైలట్. బండి అన్నిటిలాగే రోడ్డు మీద నడిచేదే అయినా మాలో డ్రైవర్ అనే మాట లేదు.

"ఏంది చెల్లెమ్మా, పంతులమ్మవైపోయినావా?"

"ఇంకా లేదన్నా."

"నీ సీట్లో కొత్తమ్మాయి కూర్చుంటంది. నోట్లో మాటే లేదు. నువ్వన్నా పుస్తకం చదివేదానివి, పేజీ తిప్పిన చప్పుడన్నా వచ్చేది."

ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను. రెంటచింతలలో ఉండే మనిషిని మే నెలలో ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను.

"బాగానే ఉన్నై, బీడీ ముట్టించటానికి అగ్గిపుల్లతో పన్లేదు," అన్నాడు. తర్వాత, "ఇప్పుడు నమాజుకి పోతన్నా. నువ్వు పాసవ్వాలని అడగనా, ఫెయిలవ్వాలని అడగనా? ఏదో ఒకటి చెప్పు, రెండూ అడిగితే ఆయన తికమక పడతాడు."

సిగ్నల్ సరిగా లేదన్నాను. సిగ్నల్ బాగానే ఉంది.


మే 16, శుక్రవారం

పాఠాలకి చీటీలు వేశారు. నేను ప్రసవం రావాలని కోరుకున్నాను. బండిలో పదకొండు కాన్పులు చేశాను. ఒక పాపకి నా పేరే పెట్టారు, మాచవరం అవతల. ఆ పాఠమైతే కళ్ళు మూసుకుని చెప్పగలను.

నాకు గుండె వచ్చింది. గుండె ఆగిన మనిషికి ఏం చెయ్యాలి అన్నది. ప్రసవం రవిశంకర్‌కి వచ్చింది. చీటీ విప్పి చూసుకోగానే అతని చెవులు ఎర్రబడ్డాయి.

మార్చుకుందామన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు. శివరామయ్య గారు ఒప్పుకోలేదు. "చీటీ అంటే చీటీనే. ఇష్టమైంది చెప్పటానికి ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు?"

గుండె చప్పని పాఠం. భుజం తట్టు, పిలువు, ఊపిరి చూడు, ఫోన్ చెయ్యి, నొక్కు. ఎవరైనా చెప్పగలరు. అందుకే మార్చుకుందామనుకున్నాను.


మే 17, శనివారం

రవిశంకర్ ప్లాస్టిక్ పాపతో సాధన చేస్తున్నాడు. రెండుసార్లు జారవిడిచాడు. మూడోసారి ఫిలోమినమ్మ వచ్చి, "అట్టా పట్టుకుంటారంటయ్యా, నువ్వు పట్టేది గుమ్మడికాయా?" అని చేతుల్లో పెట్టి చూపించింది. తల్లి భాగాల పేర్లు చెప్పాల్సి వచ్చినప్పుడు అతను "అక్కడ," "ఆ చోట," "ఇందాక చెప్పిన చోట" అంటున్నాడు.

టీ దగ్గర తన లెక్క చెప్పాడు. గుండె ఆగినవాళ్ళని ఏడుగురిని వెనక్కి తెచ్చాడట. ఒకాయన ఇప్పటికీ మాచర్లలో కనబడితే బండి ఆపి దణ్ణం పెడతాడట.

"నీదెంత?" అన్నాడు.

"పదకొండు కాన్పులు," అన్నాను.

"కాన్పులు కాదు."

గ్లాసులు కడగాలని లేచాను. గ్లాసులు కాగితంవి.


మే 18, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు. ఫెయిలైతే బండికి వెళ్ళిపోతాను. బండి అంటే ఇష్టమే. ఈ మాట ముందే రాశాను.


మే 20, మంగళవారం

ఈరోజు నాకు నిజమైన క్లాసు ఇచ్చారు. పరీక్షకి ముందు ఒకసారి బయటివాళ్ళకి చెప్పి చూడాలట. మాచవరం మండలం నుంచి ఆశా కార్యకర్తలు ఎనిమిది మంది వచ్చారు. బస్సు దిగి వచ్చేసరికే ముఖాలు కందిపోయి ఉన్నాయి. అందరికంటే పెద్దావిడ కృష్ణకుమారి గారు. చేతిలో రెండు లీటర్ల నీళ్ళ బాటిల్, తడిగుడ్డ చుట్టింది.

బాగా చెప్పాను. ఇది నేను అనుకోవడం కాదు, రవిశంకర్ కూడా అన్నాడు. గొంతు వెనక గోడ దాకా వెళ్ళింది. చేతులు పుస్తకం కోసం వెతుక్కోలేదు. తర్వాత, "ఇప్పుడు మీలో ఒకరు చేసి చూపించండి. ఈ బాబాయ్ నడుస్తూ నడుస్తూ మీ ముందే పడిపోయాడు," అన్నాను.

కృష్ణకుమారి గారు లేచారు. భుజాలు తట్టి పిలిచారు. "ఓ అన్నా! ఏందన్నా, ఏమైందన్నా!" నాకన్నా బాగా పిలిచారు. ఊపిరి చూశారు. ఫోన్ చెయ్యమని పక్కావిడకి చెప్పారు. నేను తల ఊపుతున్నాను. ఆవిడ బాటిల్ మూత తీసి, బొమ్మ తల తన మోకాలి మీద పెట్టుకుని, నోట్లో నీళ్ళు పోశారు.

అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. కొంచెం కాదు, అర లీటరు. ఎంత పోస్తే అంత పట్టింది.

"ఎండకి పడిపోయినోడు గదమ్మా," అన్నారు నా ముఖం చూసి. "గొంతు తడపొద్దూ?"

మిగతా ఏడుగురూ అవునన్నట్టు చూస్తున్నారు. ఒకావిడ కొంగుతో బాబాయ్ గడ్డం తుడిచింది.

స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని అప్పుడు చెప్పాను. కృష్ణకుమారి గారు నోరు కొంగుతో మూసుకున్నారు. "అయ్యో, ఇరవై ఏళ్ళుగా పోస్తనే ఉన్నానే తల్లీ. చానా మందికి పోశా."

ఆవిడని ఏమీ అనలేకపోయాను. పాఠం చెప్పింది నేను. ఆవిడ దాన్ని వరస తప్పకుండా చేసింది. నేను వదిలేసిన చోట తనకి తెలిసింది పెట్టుకుంది, అంతే.


మే 21, బుధవారం

బాబాయ్ పోయాడు. రబ్బరు ఊపిరితిత్తి సంచి చిరిగింది. నొక్కినప్పుడు టక్కుమనే స్ప్రింగు మూగబోయింది. ఫిలోమినమ్మ అతన్ని విప్పి, లోపలి భాగాలన్నీ మేడ మీద తాడుకి ఆరేసి క్లిప్పులు పెట్టింది. పక్క మేడ మీద వడియాలు పెడుతున్నావిడ చాలాసేపు అటే చూసింది. గుంటూరులో ఉన్న ఇంకో బొమ్మ సోమవారం దాకా రాదట. పరీక్ష శుక్రవారం.

శివరామయ్య గారు పిలిచారు.

"నీళ్ళు పొయ్యొద్దని చెప్పావా?"

"పుస్తకంలో ఆ మాట లేదు సార్."

"ఆ పుస్తకం రాసినోళ్ళ ఊళ్ళో ఎవరూ పొయ్యరేమో. మనూళ్ళో పోస్తారు. మనిషి పడ్డాడంటే ముందు చెంబు కోసం పరుగెత్తుతారు. నువ్వు పుట్టింది ఇక్కడేనా?"

"ఇక్కడే సార్."

"మరి?"

ఏడుస్తానేమో అనుకున్నాను. ఆయన కూడా అనుకున్నట్టున్నారు. గొంతు తగ్గించి, "సరేలే, చానా మంచి తప్పు. నాకు కూడా తట్టలా, పదేళ్ళ నుంచి చెప్తన్నా. పో, పాఠం మళ్ళీ రాసుకో," అన్నారు.

మళ్ళీ రాశాను. మొదటి వాక్యం, నీళ్ళు వద్దు. తర్వాత షబ్బీర్ అన్నకి ఫోన్ చేసి మనం వెళ్ళేసరికి జనం ఏమేం చేస్తూ ఉంటారో చెప్పమన్నాను. ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళాలగుత్తి పెట్టడం, అరికాళ్ళు రుద్దడం, లేపి కూర్చోబెట్టడం, చుట్టూ మూగి గాలి ఆడకుండా చెయ్యడం, వీడియో తియ్యడం. ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను రాస్తూనే ఉన్నాను. ఇవేవీ నాకు తెలియనివి కావు. అన్నీ చూశాను. పాఠంలో పెట్టాలని తోచలేదు.

బొమ్మకి బదులు ఒకటి తయారు చేశాం. పరుపు చుట్టలో ఛాతీ ఉండే చోట మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా పెడితే, నొక్కినప్పుడు లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తుంది. రవిశంకర్ తన పాత చొక్కా ఇచ్చాడు. తల ఫిలోమినమ్మ కుట్టింది. నేను తల మాత్రం చాలన్నాను. చెవులు కూడా పెట్టింది.


మే 22, గురువారం

అమ్మ ఫోన్ చేసి రేపు పెరుగన్నం తిని వెళ్ళమంది. పాసైతే బాగుండునని ఒక వాక్యం రాసి కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తోంది.


మే 23, శుక్రవారం

విజయవాడ నుంచి పరీక్షకులు ఇద్దరు వచ్చారు. ఒకాయన కళ్ళజోడు మార్చి మార్చి పెట్టుకుంటారు, రాయడానికి ఒకటి, చూడడానికి ఒకటి. రెండో ఆవిడ అసలు రాయలేదు, చూస్తూ కూర్చున్నారు. అదే ఎక్కువ కష్టంగా ఉంది. బెంచీల మీద కొత్తగా చేరిన పన్నెండు మంది.

నాకన్నా ముందు రవిశంకర్ వంతు. తల్లి భాగాల పేర్లన్నీ గట్టిగా, ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాడు, సైనికుడు తన నంబరు చెప్పినట్టు. పాపని జారవిడవలేదు. బయటికి వచ్చి గోడకి ఆనుకుని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు.

నేను వెళ్ళి పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఇది పరుపు. ముందు రబ్బరు బొమ్మ ఉండేది. దానికి నీళ్ళు తాగించారు. తప్పు నాదే. అందుకని మొదట అదే చెబుతాను," అన్నాను.

నవ్వారు. నవ్విన తర్వాత విన్నారు. ఉల్లిపాయ దగ్గర ఒకబ్బాయి, తాళాలగుత్తి దగ్గర ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు పొడుచుకున్నారు. వాళ్ళిళ్ళల్లో చేసిందే. పిలవడం చూపించాను. గొంతు ఎంత దూరం వెళ్ళిందో నేను చూసుకోలేదు. ఛాతీ మధ్యలో చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంత లోతు, ఎంత వేగం, నొక్కాక పూర్తిగా ఎలా వదలాలో చెప్పాను. పద్నాలుగు నిమిషాలయింది. ఏమైనా అడుగుతారా అన్నాను. అడగమనాలి, దానికి రెండు మార్కులు.

మూడో బెంచీలో గురజాల అమ్మాయి, స్వాతి అట, లేచింది.

"మేడం, ఇట్టా చేసి మీరు ఎంతమందిని బతికించారు?"

తెలిసి అడగలేదు. ఉత్సాహంగా అడిగింది. కళ్ళజోడాయన చూసే కళ్ళజోడు పెట్టుకున్నారు.

కాన్పుల గురించి చెప్పొచ్చు. చెప్పబోయాను కూడా. పదకొండు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల అడిగింది అది కాదు.

"పదహారు మందికి చేశాను," అన్నాను. "ఒక్కరు కూడా బతకలేదు."

స్వాతి ఇంకా నిలబడే ఉంది. కూర్చోవాలో వద్దో తెలియడం లేదు పాపం.

"మరి..." అంది. "మరి మాకెందుకు మేడం ఇది?"

"నేను వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు. ఒక్కోసారి ముప్పై. పదహారు మంది చుట్టూ జనం ఉన్నారు. అన్న ఉన్నాడు, కూతురు ఉంది, పక్కింటివాళ్ళు ఉన్నారు. అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. ఇది మాత్రం ఎవరూ చెయ్యడం లేదు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు." పరుపు మీది చొక్కా సర్దాను. "మీరు బండిలో ఎక్కేలోపు మీ వీధికి చెప్పండి. మా అందరికన్నా ముందుండేది వాళ్ళే. రా, వచ్చి ఇక్కడ కూర్చో. మోకాళ్ళ మీద."

వచ్చింది. భయంభయంగా చేతులు పెట్టింది. చెయ్యి కాస్త కిందికి జరిపాను. నొక్కింది. సీసా కిర్రుమంది.

"ఇంకా గట్టిగా. ఆయనకి నొప్పి పుడుతుందని చూడొద్దు."

"బాబాయ్ అని పిలవాలా మేడం?"

"నీకేం వరసైతే అది."

"పెదనాన్నా!" అని అరిచింది స్వాతి, గది అదిరేలా.

ఇరవై నిమిషాల కన్నా రెండు నిమిషాలు ఎక్కువయింది. దానికి మార్కులు కోస్తారు.


మే 24, శనివారం

సామాను సర్దుకుంటుంటే రవిశంకర్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి కాలి వేలితో గచ్చు మీద రాస్తున్నాడు.

"నిన్న బయట కిటికీ కాడ ఉన్నా. విన్నా."

నేను బట్టలు మడతపెడుతూనే ఉన్నాను.

"ఏడుగురు అన్నా గదా. వాళ్ళల్లో ఐదుగురు ఎండకి కళ్ళు తిరిగి పడినోళ్ళు. నేను తట్టంగనే లేచి కూర్చున్నారు. ఒకడు తాగి పడుకున్నాడు. నొక్కితే లేచి నన్ను కొట్టాడు."

"ఏడో ఆయన?"

"దణ్ణం పెడతాడని చెప్పా గదా, ఆయన."

"ఆయనకి నిజంగా ఆగిందా?"

"తెలవదు. నేను నొక్కా, లేచాడు. ఆయన్ని అడగలేం గదా."

ఇద్దరం నవ్వాం. ఈసారి పళ్ళు కనిపించాయేమో.


మే 26, సోమవారం

ఫలితాలు గోడ మీద అంటించారు. ఆరుగురిలో నలుగురు. రవిశంకర్ ఉన్నాడు. అతని పేరు పక్కన 'మాటలు తగ్గించుకోవాలి' అని రాశారు. నేను ఉన్నాను. నా పేరు పక్కన 'సమయం పాటించాలి' అని ఉంది. గొంతు గురించి ఏమీ లేదు. ఫిలోమినమ్మకి చదవడం రాదు, అయినా కాగితం దగ్గరికి వెళ్ళి, "నీ పేరు యాడుంది?" అని వేలు పెట్టించుకుంది. దాని మీద చేత్తో ఒకసారి తుడిచింది.

శివరామయ్య గారు సర్టిఫికెట్ ఇచ్చే ముందు సంతకం పెట్టమన్నారు. జూన్ రెండు నుంచి ఇక్కడే.

"ఒక షరతుంది, తెలుసు గదా. ఇన్‌స్ట్రక్టర్ అయినోళ్ళు నెలకి రెండు షిఫ్టులు బండి మీద చెయ్యాల. చెయ్యకపోతే ఈ కాగితం చెల్లదు. పని వదిలేసినోడు పని నేర్పకూడదు."

నియమాల పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఉందట. ఆ పుస్తకాన్ని నేను మూడుసార్లు చదివాను.

"మొదటిది ఈ గురువారం వేస్తన్నా. రెంటచింతలే. నీ పాత బండి. సరేనా?"

పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆయన తొందర పెట్టలేదు. కాసేపటికి ఫైలు తిరగేస్తూ, నా వైపు చూడకుండా, "ఆ స్వాతి అనే పిల్లని కూడా నీతో పంపుతన్నా. చూసి నేర్చుకుంటది. ఒక్కదానివే ఉండవు," అన్నారు.

సంతకం పెట్టాను.

షబ్బీర్ అన్నకి నేనే ఫోన్ చేశాను. గురువారం వస్తున్నానన్నాను. ఈసారి ఆయన హాస్యమాడలేదు. "పొద్దున ఆరింటికి. పుస్తకం తెచ్చుకో," అన్నాడు.

పదహారో మనిషిని బండిలోంచి దించింది మార్చి తొమ్మిదిన. మర్నాడే సెలవు పెట్టాను, కోర్సు మొదలయ్యేదాకా సెలవే. ఆ రోజు నుంచి నేను బండి ఎక్కలేదు.